బోర్డు నిజం చెబితే పరుగు తగ్గుతుంది

(నెల్లూరులో జరిగిన రైలు ప్రయాణికుల సమావేశంలో కావలికి చెందిన ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. కావలి, బిట్రగుంట, అటు సింగరాయకొండ, ఒంగోలు వాళ్ళు కూడా కనిపిస్తున్నారు. సెలవు రోజు సాయంత్రం ఇంత దూరం వచ్చి కూర్చున్నందుకు ముందుగా అందరికీ కృతజ్ఞతలు.

ఇవాళ నేను రైళ్ళ లేటు గురించి మాట్లాడబోవడం లేదు. స్టేషన్లో మనం తీసే పరుగు గురించి, ఆ పరుగుకూ తలపైన వెలిగే బోర్డుకూ ఉన్న సంబంధం గురించి మాట్లాడతాను. బండి లేటైతే మనకు పోయేది టైము. బోర్డు తప్పు చెబితే కాళ్ళూ చేతులూ పోతాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకుండా వేరుగా చూడమని నా మనవి.

ప్లాట్‌ఫారం మీద ఎవరైనా పరిగెడుతుంటే పక్కనున్నవాళ్ళు అనే మాట మీకు తెలుసు. "కాస్త ముందు బయల్దేరి ఉంటే ఏం పోయింది?" అంటారు. నేను ఉద్యోగం చేసినంత కాలం కావలి, నెల్లూరు మధ్య సీజన్ టికెట్ మీద తిరిగినవాణ్ణి. నేను చూసినంతలో పరిగెత్తేవాళ్ళలో ఆలస్యంగా వచ్చినవాళ్ళు కొందరే. మిగతావాళ్ళు ముందే వచ్చినవాళ్ళు. అరగంట ముందే వచ్చి, బోర్డు చూసుకుని, నీళ్ళ బాటిల్ కొనుక్కుని, బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. ఆఖరి రెండు నిమిషాల్లో వాళ్ళంతా ఒక్కసారిగా లేచి పరిగెడతారు. వాళ్ళను బద్ధకస్తులంటే అన్యాయం. వాళ్ళు బోర్డును నమ్మారు.

ముందు చిన్న లెక్క చెబుతాను. పాఠాలు చెప్పిన అలవాటు, మన్నించండి. నెల్లూరులో చాలా ఎక్స్‌ప్రెస్ బళ్ళు ఆగేది ఒకటి, రెండు నిమిషాలు. కావలి, సింగరాయకొండల్లో చాలా బళ్ళకు ఒక్క నిమిషమే. ఇప్పుడు తిరుగుతున్న ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం పెట్టె ఒక్కోటి దాదాపు 24 మీటర్ల పొడవు. 22 పెట్టెల బండి అంటే ఇంజను కాకుండానే 528 మీటర్లు. చేతిలో సామానున్న మనిషి మామూలుగా నడిస్తే నిమిషానికి 70, మహా అయితే 80 మీటర్లు నడుస్తాడు. ఈ చివర నిలబడి ఉంటే ఆ చివర పెట్టె అందుకోవడానికి ఏడు నిమిషాలు కావాలి. సరే, తెలివిగా నడిమధ్యన నిలబడ్డాడనుకుందాం. అప్పుడూ చివరి పెట్టెకు 264 మీటర్లు. మూడు నిమిషాల పైమాటే. బండి ఆగేది రెండు నిమిషాలు.

అంటే ఏమిటి? తన పెట్టె ఎక్కడ ఆగుతుందో తెలియని మనిషి ఎంత ముందొచ్చినా, ఎక్కడ నిలబడినా పరిగెత్తక తప్పదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, చంకలో పిల్లలున్న తల్లులు నిమిషానికి 50 మీటర్లు నడిచినా గొప్పే. వాళ్ళ లెక్క మీరే వేసుకోండి.

"దగ్గర్లో ఉన్న పెట్టె ఎక్కేసి లోపల్లోపల నడిచిపోవచ్చు కదా" అని సిబ్బంది సలహా ఇస్తారు. కుర్రవాళ్ళకు మంచి సలహా. కానీ చాలా బళ్ళలో జనరల్ పెట్టెలోంచి రిజర్వేషన్ పెట్టెల్లోకి దారి ఉండదు, లేదా షట్టర్ వేసి ఉంటుంది. దారి ఉన్నచోట కూడా తెల్లవారుజామున చీకట్లో, నిద్రపోతున్నవాళ్ళ కాళ్ళ మధ్య నుంచి, రెండు సూట్‌కేసులతో పది పెట్టెలు దాటడం అందరివల్లా అవుతుందా?

అందుకే నా దృష్టిలో స్టేషన్లో అన్నిటికంటే ముఖ్యమైన బోర్డు టైము చూపించే పెద్ద బోర్డు కాదు. ప్లాట్‌ఫారం కప్పుకు వేలాడుతూ ఎస్-5, బీ-2 అని చూపించే చిన్న బోర్డులున్నాయి చూడండి, అవి. అవి బండి రావడానికి పది నిమిషాల ముందు వెలిగి, నిజం చెబితే సగం పరుగు అక్కడికక్కడే ఆగిపోతుంది. చాలా రోజులు వెలుగుతున్నాయి, సరిగ్గానే చెబుతున్నాయి. ఆ మాట కూడా చెప్పాలి. కానీ వెలగని రోజు, లేదా పెట్టెల వరుస తిరగబడి చూపించిన రోజు, ఆ నమ్మకమే మన మీదికి వస్తుంది. ఏమీ తెలియని మనిషి మధ్యలో నిలబడతాడు. తప్పు బోర్డును నమ్మిన మనిషి చక్కగా వెళ్ళి ఎదురుచివర నిలబడతాడు.

ఇక రెండోది ప్లాట్‌ఫారం నంబరు. ఇది ఇంకా పెద్ద సంగతి.

మన ప్రాంతం నుంచి మద్రాసు బండి ఎక్కేవాళ్ళలో ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు. ప్రతి పెద్ద రోగానికీ మనకు మద్రాసే దిక్కు. ఒకసారి మన లైన్లోనే ఒక స్టేషన్లో ఒక పెద్దావిడనూ ఆమె కోడలినీ చూశాను. పెద్దావిడ కాలికి పట్టీ కట్టి ఉంది. బోర్డు మీద ఒక నంబరు చూసి ఆ ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నారు. ఎదురుగా దూరంగా ఇంజను లైటు కనిపించాక మైకులో నంబరు మార్చారు. బండి పక్క ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది. మెట్లెక్కి, వంతెన దాటి, మళ్ళీ మెట్లు దిగాలి. కోడలికి ఒక చేతిలో సంచి, రెండో చేతిలో అత్తగారి భుజం. ఎక్స్‌రే కవరు పట్టుకోవడానికి చెయ్యి లేదు. ఆ కవరు అంచును పళ్ళతో కరిచిపట్టుకుని మెట్లెక్కింది. నోరు తెరిస్తే కవరు పడిపోతుంది, కాబట్టి మాట్లాడలేదు, కళ్ళతోనే అత్తకు మెట్టు మెట్టూ చూపిస్తోంది. వెనక నుంచి జనం "బిన్నా నడవండమ్మా, బిన్నా" అని తోస్తున్నారు. ఎవరో కుర్రవాడు పెద్దావిడను రెండు చేతుల మీద ఎత్తుకుని దించాడు. బండి దొరికింది. కానీ ఆ మెట్ల మీద ఎవరో ఒకరి కాలు జారి ఉంటే, వెనకున్న యాభై మంది ఆగగలిగేవాళ్ళా?

ఆగలేరు. ఆగలేకపోయిన చోట ఏం జరిగిందో దేశం చూసింది. 2010 మే 16న న్యూఢిల్లీ స్టేషన్లో బీహారు వెళ్ళే బళ్ళ ప్లాట్‌ఫారం చివరి నిమిషంలో మారడంతో తొక్కిసలాట జరిగి ఇద్దరు చనిపోయారు. 2013 ఫిబ్రవరి 10న, కుంభమేళా రోజుల్లో, అలహాబాద్ స్టేషన్లో 36 మంది పోయారు. అప్పుడూ ప్లాట్‌ఫారం మార్పు మాట బయటికొచ్చింది. 2025 ఫిబ్రవరి 15 రాత్రి మళ్ళీ న్యూఢిల్లీలోనే, మళ్ళీ కుంభమేళా జనమే, 18 మంది మెట్ల దగ్గర నలిగిపోయారు. ప్రయాగ్‌రాజ్ పేరుతోనే రెండు బళ్ళుండటం వల్ల అనౌన్స్‌మెంటు విని జనం గందరగోళపడ్డారని మొదట పోలీసులు చెప్పారు. తర్వాత రైల్వే మంత్రి పార్లమెంటుకిచ్చిన జవాబులో, ఒక ప్రయాణికుడి తలమీది పెద్ద మూట జారిపడటంతో ఆ ఒత్తిడి మెట్ల మీదికి పాకిందని చెప్పారు. కారణం ఏదైనా కానీ, ఇరుకు మెట్ల మీద వందలమంది ఒకేసారి ఒకవైపు కదిలితే ఒక్క మూట చాలు. మనుషుల్ని అలా ఒకేసారి కదిలించే శక్తి స్టేషన్లో దేనికుంది? మైకుకూ, బోర్డుకూ ఉంది. సిగ్నల్‌ను ఎంత జాగ్రత్తగా చూస్తారో, బోర్డునూ అంత జాగ్రత్తగా చూడాలని నేను అడిగేది ఇందుకే.

మన నెల్లూరు ఢిల్లీ కాదు, అంత జనం ఉండరు అనవచ్చు. సంక్రాంతి తర్వాత రోజుల్లో, రొట్టెల పండగ రోజుల్లో వచ్చి మన వంతెన మెట్లు ఒకసారి చూడండి.

ఇప్పుడు బోర్డుకు ఆ సంగతులు ఎలా తెలుస్తాయో చూద్దాం. దాన్ని తిట్టే ముందు అది తెలుసుకోవడం న్యాయం.

బండి ఒక్కో స్టేషన్ దాటినప్పుడల్లా ఆ సమయం డివిజన్ కంట్రోల్ ఆఫీసు కంప్యూటర్లోకి చేరుతుంది. మనకైతే విజయవాడ. గూడూరు దాటితే అవతల చెన్నై డివిజన్. ఆ వివరాలే ఎన్‌టీఈఎస్ అనే విచారణ వ్యవస్థలోకి వెళ్తాయి. మన ఫోన్లో కనిపించేదీ, 139కి ఫోన్ చేస్తే చెప్పేదీ అదే. దీన్నంతా నడిపేది 1986లో పెట్టిన క్రిస్ అనే రైల్వే కంప్యూటర్ సంస్థ. ఈమధ్య ఇస్రోతో కలిసి ఇంజన్లకు ఉపగ్రహం ద్వారా ఎక్కడుందో చెప్పే పరికరాలు బిగిస్తున్నారు. అవి ఉన్న ఇంజను అరనిమిషానికోసారి తానెక్కడుందో చెబుతుంది. ఇది కాక "వేర్ ఈజ్ మై ట్రైన్" యాప్ ఉంది. అది ప్రయాణికుల ఫోన్లు ఏ సెల్ టవర్ దగ్గరున్నాయో చూసి బండి ఎక్కడుందో లెక్కగడుతుంది.

కాబట్టి బండి ఇప్పుడు ఎక్కడుంది అన్న ప్రశ్నకు ఇవాళ మంచి జవాబే ఉంది. కానీ మనకు కావలసింది ఆ జవాబు కాదు. మనకు కావలసింది బండి ఇక్కడికి ఎప్పుడొస్తుంది అనేది. ఇది జరగబోయేదాని గురించిన ప్రశ్న. కావలి దాటేటప్పుడు 20 నిమిషాలు లేటు ఉంటే, నెల్లూరుకూ సుమారుగా 20 నిమిషాలు లేటు అని యంత్రం చెబుతుంది. మధ్యలో ఏం జరగబోతోందో దానికి తెలియదు. మన బండిని తాళమంచి స్టేషన్లో లూప్ లైన్లో, అంటే పక్క పట్టాల మీద పెట్టి వెనక నుంచి వచ్చే వందేభారత్‌ను ముందు పంపాలని కంట్రోలర్ అప్పుడే నిర్ణయించవచ్చు. ముందు వెళ్తున్న గూడ్స్ ఇంకా పడుగుపాడు దాటకపోవచ్చు. పట్టాల పని జరిగే చోట మెల్లగా పొమ్మని ఆర్డరు ఉండవచ్చు. ఊరి దాకా వచ్చి పెన్న వంతెన అవతల ఆగిపోయిన బండి కిటికీలోంచి మనం నెల్లూరును చూస్తూ కూర్చోలేదా?

ఇది లేటు పెరిగే వైపు. లేటు తగ్గే వైపు కూడా ఉంది, పరుగు పెట్టించేది అదే. టైంటేబుల్లో అక్కడక్కడా కొన్ని నిమిషాలు అదనంగా వేసి ఉంచుతారు, బండి లేటైతే సర్దుకోవడానికి. లైను ఖాళీగా దొరికితే డ్రైవరు ఆ నిమిషాలు రాబట్టుకుంటాడు. బోర్డు 40 నిమిషాలు లేటంటుంది. మనిషి బయటికెళ్ళి టిఫిన్ చేస్తుంటాడు. బండి 25 నిమిషాల లేటుతో వచ్చేస్తుంది. ఆ పదిహేను నిమిషాలు మంచి వార్తే కావాలి. కానీ చేతిలో ఇడ్లీ పొట్లంతో పరిగెత్తే మనిషికి అది మంచి వార్త ఎలా అవుతుంది?

వెనక వరుసలో ఒకాయన అడుగుతున్నారు, "లేటయితే ఎవరికి చెడ్డపేరు, ఎవరు లెక్క రాస్తారు?" అని. మంచి ప్రశ్న. మన రైల్వేలో ఒక బండి సమయానికి నడిచిందా లేదా అన్నది ప్రధానంగా చివరి స్టేషన్ చేరిన టైమును బట్టి చూస్తారు. ఆ అదనపు నిమిషాలు కూడా ఎక్కువగా చివరి స్టేషన్ దగ్గరే వేస్తారు. అందువల్ల నెల్లూరుకు అరగంట లేటుగా వచ్చిన బండి మద్రాసుకు టైముకే చేరిందని లెక్కకు ఎక్కవచ్చు. హౌరా నుంచి మద్రాసుకు 1,600 కిలోమీటర్లకు పైన, ఢిల్లీ నుంచి 2,000 పైన. ఆ దారిలో మనం ఆఖరికి కొంచెం ముందున్న స్టేషన్లం. అంతదూరం పోగుచేసుకొచ్చిన లేటంతా మన దగ్గర కనిపిస్తుంది, సర్దుకోవడం మాత్రం మన తర్వాత జరుగుతుంది. ఒంగోలు, కావలి, నెల్లూరు ప్రయాణికుడి టైము ఏ పట్టికలోనూ ముఖ్యం కాదు. నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం ఇదే. మధ్య స్టేషన్లలో ఎక్కేవాళ్ళమూ టికెట్ కొన్నవాళ్ళమే కదా.

బోర్డు విషయంలో వేరే దేశాలవాళ్ళు ఏం చేస్తున్నారో రెండు సంగతులు చెబుతాను. జపాన్లో 2017 నవంబరు 14న, టోక్యో దగ్గర సుకుబా ఎక్స్‌ప్రెస్ లైన్లో ఒక బండి 20 సెకన్లు ముందు బయల్దేరింది. ఇరవై సెకన్లు! ఎవరూ ఫిర్యాదు చేయలేదు. అయినా ఆ కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఎందుకంటే లేటు అందరికీ సమానంగా తగులుతుంది. ముందు వెళ్ళిపోవడం మాత్రం, టైమును నమ్మి సరిగ్గా వచ్చిన మనిషికే తగులుతుంది. మన రైల్వేలోనూ పెట్టిన టైముకు ముందు బండి కదలకూడదనే నియమం ఉంది. ముందొచ్చినా ఆగి ఉండాల్సిందే.

రెండోది న్యూయార్క్ నగరంలో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్. అక్కడ బోర్డు మీద చూపే టైము కన్నా లోకల్ బళ్ళు ఒక నిమిషం ఆలస్యంగా కదులుతాయి, కావాలనే. ఆఖర్లో వచ్చేవాళ్ళు పడిపోకుండా, గాభరాపడకుండా ఎక్కాలని పెట్టుకున్న పద్ధతి అది. ఆ మంచి ఉద్దేశం నాకు నచ్చింది. కానీ మన దగ్గర ఆ పద్ధతి వద్దంటాను. బోర్డు మీద ఉన్నది అసలు టైము కాదు, కొంచెం అటూ ఇటూ అని జనానికి ఒక్కసారి తెలిస్తే, ఇక ఆ నిమిషాన్ని కూడా లెక్కలో వేసుకునే ఇంట్లోంచి బయల్దేరతారు. మనకు ఇప్పటికే ఆ అలవాటుంది. "ఆ బండి ఎప్పుడూ అరగంట లేటేలే" అనుకుని, అది రైట్ టైముకు వచ్చిన రోజున స్టేషన్ మెట్ల మీద పడి లేస్తాం.

గడియారం సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. మద్రాసు, విజయవాడ మధ్య మన ఈ లైను 1899లో పూర్తయింది. అప్పటికి దేశమంతటికీ ఒకే టైము లేదు. రైళ్ళు మద్రాసు టైము ప్రకారం నడిచేవి. బొంబాయికీ కలకత్తాకూ మధ్యలో ఉంటుందని దాన్ని ఎంచుకున్నారు. ఇప్పటి మన టైము 1906 జనవరి 1 నుంచి వచ్చింది. పాత మద్రాసు టైము దీనికన్నా సుమారు తొమ్మిది నిమిషాలు వెనక. అంటే ఏ ఊరి సూర్యుణ్ణి బట్టి ఆ ఊరి టైము చూసుకునే రోజుల్లో, కలకత్తావాడు రైల్వే టైముకు ఒక లెక్క, బొంబాయివాడు ఇంకో లెక్క వేసుకోవాల్సి వచ్చేది. మద్రాసుకు కూతవేటు దూరంలో ఉన్న నెల్లూరువాడికి మాత్రం ఊరి టైమూ స్టేషన్ టైమూ దాదాపు ఒకటే. గడియారాల గొడవ అప్పట్లోనే తీర్చుకున్నాం. మిగిలింది బోర్డు.

అర్ధరాత్రి బళ్ళ గురించి త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. టికెట్ మీద 15వ తేదీ, 00.20 అని ఉంటే, 14వ తేదీ రాత్రి భోజనం చేసి బయల్దేరాలి. 15 రాత్రి వస్తే ఆ బండి వెళ్ళి రోజు గడిచిపోతుంది. చదువుకున్నవాళ్ళు కూడా ఇందులో మోసపోతున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళకు టికెట్ తీసినప్పుడు దాని మీద "ఫలానా రోజు రాత్రి" అని పెన్నుతో రాసివ్వండి.

ఇప్పుడు కదిలే బండి ఎక్కడం గురించి. ఇది కుర్రవాళ్ళు శ్రద్ధగా వినాలి. సంచితో పరిగెత్తే మనిషి వేగం సెకనుకు మూడు మీటర్లనుకోండి. ఇప్పటి కరెంటు ఇంజను లాగే బండి కదిలిన అర నిమిషంలోపే ఆ వేగం దాటిపోతుంది. ఆ తర్వాత మీరు ఎంత పరిగెత్తినా తలుపు మిమ్మల్ని దాటిపోతూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే చాలామంది కడ్డీ పట్టుకుంటారు. పట్టుకున్న చెయ్యి బండి వేగంతో పోతుంది, కాళ్ళు ప్లాట్‌ఫారం వేగంతో ఉంటాయి. శరీరం వెనక్కి తిరిగి, మెట్టు మీద పెట్టిన కాలు జారి, నేరుగా ప్లాట్‌ఫారానికీ పెట్టెకూ మధ్యనున్న సందులోకి వెళ్తుంది. చెయ్యి వదిలేసినా పడేది ఆ సందులోనే. రైల్వే పోలీసులు ఆ సందులోంచి మనుషుల్ని లాగి కాపాడిన వీడియోలు మీరంతా చూసి ఉంటారు. అక్కడ ఆ పోలీసు ఉండటం అదృష్టం. ప్రతి తలుపు దగ్గరా ఒకరు ఉండరు.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది తెలియక ఊరుకుంటున్నారు. బండి ఎక్కబోతూ జారిపడినా అది రైల్వే చట్టం ప్రకారం పరిహారం ఇవ్వాల్సిన ప్రమాదమేనని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రయాణికుడు అజాగ్రత్తగా ఉన్నాడన్న ఒక్క కారణంతో పరిహారం ఎగ్గొట్టకూడదని 2018లో ఇంకో తీర్పులో స్పష్టం చేసింది. చనిపోతే ఇచ్చే మొత్తం 2017 జనవరి 1 నుంచి నాలుగు లక్షల నుంచి ఎనిమిది లక్షలైంది. టికెట్ జాగ్రత్త చేయండి, క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్ళండి. అయితే ఎనిమిది లక్షలకు ఎవరి బిడ్డా తిరిగిరాడు. బండి పోతే ఇంకో బండి ఉంది, బస్టాండుకు వెళ్తే ఏదో ఒక మద్రాసు బస్సు ఉంటుంది. బండిని వదిలేయండి. కడ్డీ అసలు పట్టుకోకండి.

ఒక వార్త ఇచ్చి ముందుకు వెళ్తాను. మీ బండి మీ స్టేషన్‌కు మూడు గంటలకు మించి లేటుగా వస్తుంటే, మీరు ప్రయాణం మానుకుంటే, డబ్బు పూర్తిగా తిరిగొస్తుంది. బండి కదలకముందే టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోరే దరఖాస్తు, వేయాలి. ఇది తెలియక ఎంతోమంది రాత్రంతా ప్లాట్‌ఫారం మీద కూర్చుంటున్నారు.

మరి మనం ఏం అడగాలి? నేను చాలా ఆలోచించి, సాధ్యమయ్యేవే అడుగుదామని అనుకున్నాను.

బోర్డు మీద వచ్చే టైము పక్కన ఆ సమాచారం ఎప్పటిదో రాయమందాం. "6.40కి వస్తుంది" అని ఊరికే ఉంటే దాన్ని నమ్మాలో వద్దో నాకు తెలియదు. "5.55కి కావలి దాటింది" అని దాని కింద ఉంటే నా లెక్క నేను వేసుకుంటాను. ఆ వివరం కంప్యూటర్లో ఉన్నదే, కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. మద్రాసు నుంచి వచ్చే బండికి గూడూరు దాటిన టైము చూపించినా చాలు. గూడూరు నుంచి మనకు 38 కిలోమీటర్లే.

ప్లాట్‌ఫారం నంబరు ఒకసారి చెప్పాక మార్చకుండా ఉండాలి. మార్చక తప్పకపోతే, వంతెన మీది జనం దిగేదాకా ఆ బండిని ఆపాలి. ఇది నేను చాలా గట్టిగా అడుగుతున్నాను. ఆ అదనపు రెండు, మూడు నిమిషాల వల్ల ఏ మద్రాసూ మునిగిపోదు. లేటెందుకైందని ఆ స్టేషన్ మాస్టరును పై అధికారులు నిలదీయకుండా ఒక ఉత్తర్వు ఉండాలి. స్టేషన్ మాస్టర్ల మీద నాకు కోపం లేదు. కొడవలూరు లాంటి చిన్న స్టేషన్లో ఆయన ఒక చెవితో కంట్రోలర్ ఫోను వింటూ, సిగ్నళ్ళు చూసుకుంటూ, ఎదురుగా వచ్చి అడిగే మనకు జవాబు చెప్పాలి. బోర్డు కూడా ఆయన నెత్తినే వేస్తే ఏది ముందు చూస్తాడు? సిగ్నలే చూస్తాడు, చూడాలి కూడా. కాబట్టి పెద్ద స్టేషన్లలోనైనా పండగ రోజుల్లో మైకు, బోర్డు కోసం వేరే మనిషి ఉండాలి.

పెట్టెల వరుస బోర్డులు బండి రావడానికి కనీసం పది నిమిషాల ముందు వెలగాలి. పనిచేయని రోజు "పనిచేయడం లేదు" అని చెప్పే ధైర్యం ఉండాలి. అప్పుడు మనమే పోర్టరునో, టీ అమ్మే అబ్బాయినో అడిగి నిలబడతాం. వాళ్ళకు ఏ పెట్టె ఎక్కడ ఆగుతుందో బోర్డుకన్నా బాగా తెలుసు.

మన వైపు నుంచి కూడా ఒకటుంది. వాన పడితే ఆత్మకూరు బస్టాండు దగ్గర, మాగుంట లేఅవుట్ దగ్గర అండర్‌బ్రిడ్జిల్లో నీళ్ళు నిలుస్తాయి. పట్టాలకు అవతలి వైపు ఇళ్ళున్నవాళ్ళు ఆ రోజు ఎంత ముందు బయల్దేరాలో వాళ్ళకే తెలియదు. ఇది రైల్వేదీ కార్పొరేషన్‌దీ కలిసిన సమస్య. ఎవరికివారు అవతలివాళ్ళదంటున్నారు. వినతిపత్రం ఇద్దరికీ ఇద్దాం.

ఊరికే "బోర్డు తప్పు చెబుతోంది" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఎన్నిసార్లు, ఎంత తేడాతో, ఏ బండికి అని చూపించాలి. అందుకని తలుపు దగ్గర టేబుల్ మీద కొన్ని కాగితాలు పెట్టించాను. ప్రతి కాగితంలో ఐదు గళ్ళున్నాయి. బండి నంబరు, మీరు బోర్డు చూసిన టైము, అప్పుడు బోర్డు చెప్పిన టైము, బండి నిజంగా వచ్చిన టైము, ప్లాట్‌ఫారం మారిందా లేదా. రోజూ తిరిగే సీజన్ టికెట్‌వాళ్ళు ఒక నెల రోజులు రాస్తే చాలు. బోర్డు సరిగ్గా చెప్పిన రోజు కూడా తప్పకుండా రాయండి. తప్పులు మాత్రమే రాస్తే ఆ లెక్క నిలబడదు. ఫోటో తీస్తే పక్కనున్న స్టేషన్ గడియారం కూడా అందులో పడేటట్టు తీయండి. ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ కాగితాలు పట్టుకెళ్ళండి, చీరాలవాళ్ళకు కూడా ఇవ్వండి. నెల తర్వాత ఇవన్నీ కలిపి డివిజన్ ఆఫీసుకు తీసుకెళ్దాం. కాగితాలు నింపడంలో సందేహాలుంటే ఇక్కడే ఉంటాను, అడగండి.